మోకాలిచ్చినవాడు

మొన్న వానలు మొదలైన వారంలో మా కొట్టుకి ఒక కుర్రాడు వచ్చాడు. ఇక్కడి పెద్ద ఇంజనీరింగు కాలేజీలో ఏదో పరిశోధన చేస్తున్నాడట, సొంతూరు తెనాలి. మాగాయ కోసం వచ్చానన్నాడు గానీ అతని కళ్ళు జాడీల మీద లేవు, నా తల వెనక గోడకున్న పటం మీద ఉన్నాయి. కొట్లో పుట్టి కొట్లో పెరిగినదాన్ని కాబట్టి మనిషి మాట వినే ముందు చూపు ఎటుందో చూడడం నాకలవాటు. ఇతను మాగాయ గిరాకీ కాదు, పటం గిరాకీ అని తెలిసిపోయింది. వెంటనే స్టూలు కొంచెం జరుపుకొని, పటం సగం కనబడకుండా కూర్చున్నాను. అడ్డుపెట్టిన సరుకు మీద మోజు ఎక్కువ.

"ఆంటీ, ఆ బొమ్మ అమ్ముతారా?" అన్నాడు.

"అది అమ్మకానికి కాదు నాయనా," అన్నాను. బేరం ఎప్పుడైనా అలాగే మొదలుపెట్టాలి. ఈసారి మాత్రం ఆ మాట నిజం కూడా.

పటంలో ఒక గడ్డి మైదానం, నాలుగు గుంజలకు కట్టిన తాళ్ళు, తాళ్ళ చుట్టూ టోపీల జనం. మధ్యలో ఇద్దరు తెల్లవాళ్ళు, నడుం పైన బట్టలేకుండా, పిడికిళ్ళు పైకి పట్టుకొని నిలబడి ఉంటారు. వెనకాల దూరంగా ఒక రైలు పొగ వదులుతూ ఆగి ఉంటుంది. కుర్రాడు ఫోను తీసి ఏదో వెతికి నాకు చదివి వినిపించాడు. పోయిన శతాబ్దానికి ముందటి శతాబ్దంలో అమెరికాలో ఇలా తొడుగుల్లేని ఉత్త చేతులతో పందేలు కొట్టుకునేవాళ్ళట. సర్కారు నిషేధిస్తే రైళ్ళు మాట్లాడుకొని వెళ్ళేవాళ్ళట, రైలు ఎక్కడాగుతుందో ఎక్కినవాడికి కూడా ముందు చెప్పేవారు కాదట. ఇదంతా నాకు తెలుసనీ, అలాంటి పందెంలో నేను సీసా పట్టుకొని నిలబడ్డాననీ చెప్పాను. అతను మర్యాదగా నవ్వాడు. పటం ధర పెంచడానికి కథ అల్లుతున్నాననుకున్నాడు. నా మొహం అలాంటిది, నిజం చెప్పినా సరుకు అంటగడుతున్నట్టే ఉంటుంది.

"మధ్యలో వాళ్ళు సరే ఆంటీ. ఈ మూల మోకాలి మీద ఉన్నాయన ఎవరు? దెబ్బ తగిలి పడిపోయాడా?"

ఆ మూల చొక్కా చేతులు పైకి మడిచిన మనిషి ఒకడున్నాడు. ఒక మోకాలు నేలకానించి, రెండో మోకాలు పైకి లేపి, ఎవరికోసమో చూస్తున్నట్టుంటాడు. ఆ పటం మా గోడ మీదికి వచ్చిన ఇన్నేళ్ళలో అతని గురించి అడిగిన గిరాకీ ఇతనొక్కడే. నాకు జవాబు తెలుసు, అయినా జాడీ మూత తీశాను. "మాగాయ ఎంత కావాలి?" అన్నాను.

మా తాత విజయనగరం వైపు నుంచి ఈ బెంగాలీ దేశానికి, ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి ఫిట్టరుగా వచ్చినవాడు. మా చుట్టాల్లో రైల్వే జీతం తినని ఇల్లు మాదొక్కటే. అందుక్కారణం మా నాన్న యోసేపు కళ్ళు. ఆయనకి ఇంజను ఎక్కాలని ఉండేది. కంటి పరీక్షలో ఎర్ర దీపం చూపించి రంగు అడిగితే పచ్చ అన్నాడట, పచ్చది చూపిస్తే మాసిన పసుపన్నాడట. ఆ రెండు రంగులూ ఆయన కంటికి ఒకటే. డాక్టరు నవ్వి బయటకు పంపేస్తే, నాన్న నేరుగా గోల్ బజార్‌కొచ్చి ఒక సందు చివర కిరాణా కొట్టు పెట్టాడు. పరీక్ష గురించి మళ్ళీ మాట్లాడలేదు. కానీ మిరపకాయల బస్తా దిగినప్పుడల్లా నన్ను పిలిచేవాడు. "అమ్మీ, ఇవి పండినాయా, పచ్చివా?" నేను కొట్లో కూర్చోవడం అలా మొదలైంది. మిగతా ఆడపిల్లలు కుట్లూ అల్లికలూ నేర్చుకుంటుంటే నేను మా నాన్నకి రంగులు చెబుతూ, పనిలో పనిగా బేరం నేర్చుకున్నాను.

బేరానికి ఆయన బడి చేపల బజారు. రోజూ పొద్దున్నే హారూ దాదా అనే బెంగాలీ చేపల వ్యాపారి దగ్గరికి వెళ్ళేవాడు, పక్కన నేను సంచీతో. హారూ దాదా ఒక ధర చెప్పేవాడు. నాన్న ఆ ధర విని, చేపకి సంతాపం తెలిపినట్టు తలవంచుకొని, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. కానీ వెళ్ళేముందు తన నల్ల గొడుగు చేపల బల్లకి ఆనించి వదిలేసేవాడు. అది మరుపు కాదని బజారంతటికీ తెలుసు. గుడ్ల దుకాణం మలుపు దాకా నడిచాక హారూ దాదా కేకేసేవాడు: "జోసెఫ్ దా, ఛాతా భూలే గేలే!" గొడుగు మర్చిపోయావని. అంటే ధర దిగుతానని అర్థం. కేక రాకపోతే నాన్నే "అరె, గొడుగు" అనుకుంటూ వెనక్కొచ్చేవాడు. అంటే ఎక్కుతానని అర్థం. ఇద్దరిలో ఎవరూ ఓడినట్టు కనబడకుండా బేరం తెగేది. మర్యాద పోకుండా వెనక్కి రావడానికి ఒక వస్తువు వదిలి వెళ్ళాలన్నది మా ఇంటి శాస్త్రం.

మా చిన్నాన్న దానియేలుకి ఈ శాస్త్రం వంటబట్టలేదు. నాన్నకంటే చాలా చిన్నవాడు, తల్లి పోతే మా అమ్మా నాన్నలే పెంచారు. నాకంటే ఆరేడేళ్ళే పెద్ద. నిమ్‌పురా వైపు లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే ఖలాసీ. ఒళ్ళంతా బొగ్గు మసి, మనిషి మాత్రం బీరువాలా ఉండేవాడు. సాయంత్రాలు రైల్వే వాళ్ళ క్లబ్బులో చేతులకు తొడుగులు వేసుకొని బాక్సింగు ఆడేవాడు. అదే షెడ్డులో బిషూ అని ఇంకో ఖలాసీ, హారూ దాదా మేనల్లుడు. ఇద్దరూ బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా ఇంజను ఎక్కడానికి కంటి పరీక్ష కోసం ఎదురుచూస్తున్నారు. బాక్సింగులో ఒకసారి అతను గెలిచాడు, ఒకసారి మా చిన్నాన్న గెలిచాడు. మూడోది మిగిలిపోయింది. అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

వాళ్ళని ఎగదోయడానికి మెల్విన్ దొర ఉండేవాడు. ఆంగ్లో ఇండియన్, మెయిలు బళ్ళు నడిపి రిటైరైనవాడు, ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి సామాన్లు అమ్ముకుంటున్నాడు. మా కొట్లో ఆవాల కోసం వచ్చి గంట కూర్చునేవాడు. అమెరికా ఉత్త చేతుల పందేల మీద ఆయన దగ్గర ఒక పాత పుస్తకం, ఈ పటం ఉండేవి. ఆ పందేల గురించి, పక్కింట్లో పెళ్ళి జరిగినట్టు చెప్పేవాడు. ఇనప చువ్వతో నేల మీద మధ్యలో ఒక గీత గీస్తారు. ఇద్దరూ ఆ గీత దగ్గరికి వచ్చి మొదలుపెట్టాలి. ఎవడో ఒకడు కిందపడితే ఒక పట్టు అయినట్టు. అప్పుడు అరనిమిషం విశ్రాంతి. కూర్చోడానికి కుర్చీ ఉండదు. ప్రతివాడి తరఫునా ఒక మనిషి నేల మీద మోకాలేసి రెండో మోకాలు చాస్తాడు, కొట్లాడేవాడు దాని మీద కూర్చోవాలి. ఇంకొక మనిషి నీళ్ళ సీసా పట్టుకుంటాడు. అరనిమిషం కాగానే తనంతట తనే లేచి గీత దగ్గరికి నడిచి రావాలి. రాలేనివాడు ఓడినట్టు. ఇక చాలనిపిస్తే మోకాలిచ్చిన మనిషి మొహం తుడిచే స్పాంజి పైకి విసిరి ఓటమి ఒప్పుకోవచ్చు. ఆ హక్కు కొట్లాడేవాడికి లేదు, మోకాలిచ్చినవాడికే ఉంది.

దేశం వదిలేలోగా అలాంటి పందెం ఒక్కటి కళ్ళారా చూడాలని దొరకి కోరిక. గెలిచినవాడికి తన డ్రైవరు గడియారం ఇస్తానన్నాడు. వెండి రంగు కవరు, గొలుసు, లోపల తెల్లటి ముఖం. ఇంజను ఎక్కబోయే ఇద్దరు కుర్రాళ్ళ ముందు అలాంటిది ఊపడమంటే పిల్లి ముందు హారూ దాదా చేప ఊపడమే. ఇద్దరూ ఒప్పుకున్నారు.

నాన్నకి విషయం తెలిసింది మాగాయ వల్ల. మా ఇంట్లో ఎండాకాలమంటే మామిడి ముక్కల వాసన. అమ్మ ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి పెద్ద జాడీలో వేసి మూడు రోజులు ఊరబెట్టేది. తరవాత ముక్కలు పిండి పెరట్లో నులకమంచం మీద పాత చీర పరిచి ఎండబోసేది, దిగిన ఊట జాడీలోనే ఉంచేది. కొట్టుకి పేరు తెచ్చింది ఆ సరుకే. అమెరికా వస్తాదులు పిడికిళ్ళ చర్మం గట్టిపడ్డానికి ఉప్పునీళ్ళలో చేతులు నానబెట్టేవాళ్ళని దొర చెప్పాడు. ఉప్పునీళ్ళు విడిగా కలుపుకోవాలని మా చిన్నాన్నకి తట్టలేదు. తెలుగువాడు కదా, ఇంట్లో జాడీడు ఊట ఉండగా వేరే ఉప్పెందుకనుకున్నాడు. అమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ వెనక గదిలో చేతులు మణికట్టు దాకా ముంచుకొని కూర్చునేవాడు. ఆదివారం చర్చిలో ప్రభువు రొట్టె అందుకోడానికి చేతులు చాచాడు. రెండు చేతులూ పెళ్ళికూతురి చేతుల్లా పసుప్పచ్చగా ఉన్నాయి. పాస్టరుగారు రొట్టె పట్టుకొని ఆగిపోయి, "కామెర్లేమో చూపించుకో దానియేలూ," అన్నారు. మా అమ్మ మాత్రం చేతులు చూళ్ళేదు, వాసన చూసింది.

ఇంటికొచ్చాక విచారణ. "ఒరే, ఆ ఊటలో ఎన్నాల్లనించి ముంచుతున్నావు?" అంది అమ్మ.

"వారం కానేదు వదినా. సేతులు కడుక్కునే ముంచినాను."

"బొగ్గు సేతులు కడిగితే మాత్రం పోతాదేటి? నిన్ననే గదరా ముక్కలు మల్లీ ఊటలో కలిపినాను."

ఆ ఏడు మా మాగాయ ఎప్పటికన్నా తొందరగా అమ్ముడుపోయింది. రంగు నిలిచిందని మెచ్చుకున్నారు. కొన్నవాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి ఇంతకుమించి రాయను.

పందెం సంగతి అలా బయటపడింది. నాన్న కేకలెయ్యలేదు. తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని ఒకటే అడిగాడు. "గడియారం సూడాలంటే ఏటి కావాలిరా?"

చిన్నాన్న పసుపు చేతులు వెనక దాచుకున్నాడు.

"కన్ను గదా. కంటి మీద ఒక్క గుద్దు పడితే డాక్టరు నిన్ను ఇంజను ఎక్కనిస్తాడా? గేటు కాడ గదిలో జెండా ఇచ్చి కూకోబెడతాడు. మరి అక్కడ గడియారం ఎందుకు?"

"మాటిచ్చేసినాను అన్నియ్యా. ఇప్పుడు రానంటే షెడ్డులో తలెత్తలేను. నువ్వొల్లనంటే ఇంకెవుడినైనా మోకాలు అడుగుతాను."

నాన్న తక్కెడ పళ్ళెం రెండుసార్లు తుడిచాడు. తరవాత తనే మోకాలిస్తానన్నాడు. అమ్మకి మతిపోయింది. నాకు అర్థమైంది. ఆపలేని బేరంలో కనీసం తక్కెడైనా మన చేతిలో ఉండాలి. స్పాంజి విసిరే హక్కు ఆయన అలా కొనుక్కున్నాడు. అమ్మ నన్ను కూడా వెంట పంపింది. "ఒలే సువార్తా, ఆలిద్దరికీ బుద్ధి నేదు. నువ్వెల్లి ఆడి కల్లకేసి సూస్తుండు," అంది.

అమెరికా పద్ధతిలోనే రైల్లో వెళ్ళాలని దొర పట్టు. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్యాసింజరెక్కాం. ఎక్కడ దిగుతామో దొర తప్ప ఎవరికీ తెలీదు. దాదాపు అందరూ రైల్వే వాళ్ళే, వాళ్ళకి పాసులున్నాయి. టికెట్లు కొనాల్సినవాళ్ళం హారూ దాదా, నాన్నా, నేనే. ఎక్కడిదాకా అని బుకింగు క్లర్కు అడిగితే నాన్న దగ్గర జవాబు లేదు, నమ్మకం లేక చివరి స్టేషను దాకా కొన్నాడు. మూడో హాల్టులో దిగమన్నారు. మిగిలిన దూరం టికెట్టు గురించి ఆయన చనిపోయేదాకా బాధపడ్డాడు.

హాల్టు వెనక ఎర్రమట్టి మైదానం, దూరంగా సాల్ చెట్లు. గడ్డి ఎండిపోయి మట్టి పెంకులా ఉంది. నాలుగు గుంజలు పాతి తాళ్ళు కట్టారు. దొర చువ్వతో గీత గీశాడు. ఎవరి మూల ఏదో తెలియడానికి గార్డుల జెండాలు కట్టారు, మా చిన్నాన్నకి పచ్చది, బిషూకి ఎర్రది. నాన్న లుంగీ మడిచి, గొడుగు పక్కన పెట్టుకొని, గంభీరంగా వెళ్ళి ఎర్ర జెండా కింద మోకాలేశాడు. జనం గొల్లున నవ్వారు. బిషూకి మోకాలివ్వడానికొచ్చిన హారూ దాదా వంగి, "జోసెఫ్ దా, ఇధర్ నహీఁ, అది నా మూల," అన్నాడు. నాన్న మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళూ కొట్లో నా నోటితో కప్పిపుచ్చుకున్నది షెడ్డు మొత్తానికీ తెలిసిపోయింది. నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకొని మా మూలకి తెచ్చాను. చిన్నాన్న నవ్వలేదు. తలవంచుకొని పిడికిళ్ళు చూసుకుంటున్నాడు.

సీసా పట్టాల్సిన స్నేహితుణ్ణి ఆఖరి నిమిషంలో డ్యూటీకి పిలిచారు. "నేను పడతాను," అన్నాను. దొర పుస్తకం తిరగేసి, ఆడవాళ్ళ సంగతి ఇందులో లేదన్నాడు. "లేదంటే వద్దన్నట్టు కాదు గదా దొరా," అన్నాను. ఆయన కళ్ళజోడు మీదనుంచి నన్ను చూసి, మీ ఇంట్లో అందరూ ఇంతేనా అని సీసా నా చేతికిచ్చాడు.

కొట్లాట గురించి నేను గొప్పగా రాయలేను. ఉత్త చేతుల దెబ్బకి పెద్ద చప్పుడు రాదు, తడి గోనె మీద ఇటుక పడ్డట్టుంటుంది. మొదట్లో ఇద్దరూ చుట్టూ తిరగడమే ఎక్కువ, తరవాత పడడమే ఎక్కువ. పడ్డప్పుడల్లా చిన్నాన్న వచ్చి నాన్న మోకాలి మీద కూర్చునేవాడు. నేను మొహం తుడిచేదాన్ని. పసుపు చేతుల చర్మం నిజంగానే చిట్లలేదు, ఊట పని చేసింది. కానీ కళ్ళను ఊటలో ముంచలేం కదా. ఎండ వాలేసరికి ఎడమ కన్ను వాచి, రెప్పల మధ్య సందు సన్నగా దారంలా మిగిలింది. నేను తుడుస్తుంటే నా చెయ్యి కనబడక తల పక్కకి తిప్పుకున్నాడు. నేను నాన్నకేసి చూశాను. నాన్న కన్ను చూళ్ళేదు. ఆయన తొడ మీద కూర్చున్న మనిషి బరువు చూస్తున్నాడు. "ఒణుకుతున్నాడమ్మీ," అన్నాడు నెమ్మదిగా.

దొర వచ్చి వంగి చూశాడు. అమెరికాలో ఇలా వాస్తే రెప్ప కింద చిన్న కోత పెట్టి రక్తం వదిలేవాళ్ళనీ, అప్పుడు కన్ను తెరుచుకుంటుందనీ చెప్పి జేబులోంచి గెడ్డం గీసుకునే బ్లేడు తీశాడు. చెడ్డవాడు కాదు. పుస్తకంలో ఉన్నది చేస్తున్నాడంతే.

"కొయ్యండి దొరా," అన్నాడు చిన్నాన్న.

నాన్న బ్లేడు పట్టుకున్న చేతిని పక్కకి నెట్టాడు. ఆయన రెండో చేతిలో స్పాంజి ఉంది.

"అన్నియ్యా, అది ఇసిరినావంటే నీ గుమ్మం తొక్కను," అన్నాడు చిన్నాన్న. నాన్నకి తమ్ముడి మాట సంగతి తెలుసు. వీడు నిజంగానే తొక్కడు. స్పాంజి విసిరితే తమ్ముడు పోతాడు, విసరకపోతే తమ్ముడి కన్ను పోతుంది. అరనిమిషంలో సగం అయిపోయింది.

నాన్న స్పాంజి లుంగీ మడతలో దోపుకున్నాడు. "అమ్మీ, మోకాలెయ్యి," అన్నాడు. నేను మోకాలేశాను. చిన్నాన్న నా మీదికి మారాడు. గూడ్సు బండి ఎక్కినట్టయింది. నా కుడి మోకాలి నొప్పి వయసు వల్లనేనని డాక్టర్లు అంటారు, వాళ్ళకి చరిత్ర తెలీదు. నాన్న గొడుగు పట్టుకొని మధ్య గీత దాకా నడిచి, హారూ దాదాని చేత్తో పిలిచాడు. ఆయన తన మోకాలి మీది మేనల్లుణ్ణి సీసావాడికి అప్పజెప్పి వచ్చాడు. ఇద్దరూ గీతకి అటూ ఇటూ నిలబడ్డారు. చేపల బజారులో రోజూ నిలబడ్డట్టే.

"నీవాడి కుడిచెయ్యి లేవడం లేదు," అన్నాడు నాన్న.

"నీవాడి కన్ను తెరవడం లేదు," అన్నాడు హారూ దాదా. ఆయన తెలుగు మా బజారు తెలుగే. "స్పాంజి నువ్వు ఇసురు. తాజా సరుకు నాది."

"నీ సరుకు తాజాయో కాదో ఇరవయ్యేళ్ళ నించి కొంటున్నాను. నువ్వే ఇసురు."

"నేను ఇసరను," అన్నాడు హారూ దాదా.

నాన్న గొడుగు గీత మీద మట్టిలో గుచ్చి, వెనక్కి తిరిగి మా మూలకి నడిచాడు. దొర గడియారం చూస్తూ "టైం" అని అరిచాడు. చిన్నాన్న లేవబోయాడు, కాళ్ళు సహకరించలేదు. అవతల బిషూ లేవనూ లేదు. జనమంతా గొడుగుకేసి చూస్తున్నారు, అదేమిటో వాళ్ళకి తెలీదు. తెలిసినవాళ్ళం ఆ రెండు మూలల్లోవాళ్ళమే. నాన్న నెమ్మదిగా నడుస్తున్నాడు. ఆయన వీపు చూస్తూ ఇంకో అడుగు, ఇంకో అడుగు అనుకున్నాను. హారూ దాదా ఒకసారి మేనల్లుడి చెయ్యి చూశాడు. మణికట్టు ఒక పక్కకి వేలాడుతోంది.

"జోసెఫ్ దా," అన్నాడు. "ఛాతా భూలే గేలే."

నాన్న వెనక్కెళ్ళాడు. ఈసారి మాటలు నాకు వినబడలేదు. చేతులు మాత్రం కనబడ్డాయి, రెండు అరచేతులూ ఒకే ఎత్తులో, తక్కెడ సరితూగినట్టు. దొర ఒప్పుకోలేదు, పందెమన్నాక ఒకడు గెలవాలన్నాడు. "ఇద్దరూ గీత దగ్గరికి రాకపోతే పుస్తకంలో ఏముంది దొరా?" అని నా మూల నుంచే అడిగాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పాడు. దొరకలేదు. కంటి పరీక్ష ఎవరు ముందు నెగ్గితే గడియారం వాళ్ళకని తెగింది. తెగాక నాన్న కదలకుండా నిలబడ్డాడు. ఇంకేం కావాలని దొర అడిగాడు. "కొసరు," అన్నాడు నాన్న. ఏ బేరమైనా కొసరు లేకుండా ముగించడం ఆయనకి అశుభం. ఆ పటం అలా మా గోడకొచ్చింది.

తిరుగు రైల్లో చిన్నాన్న కిటికీ వైపు మొహం తిప్పుకొని కూర్చున్నాడు. దిగేముందు ఒకే మాట అన్నాడు. "నన్ను సేపలాగ బేరమాడినావు అన్నియ్యా." నాన్న గొడుగు చంకలో పెట్టుకొని దిగాడు. చిన్నాన్న ఆ రోజే షెడ్డు దగ్గర స్నేహితుడి గదికి మారిపోయాడు. అమ్మ నా చేత క్యారేజీ పంపేది, తినేవాడు. కన్ను ఎలా ఉందని అడిగితే బాగుందనేవాడు. కొట్టు ముందునుంచి సైకిలు మీద పోతూ తల తిప్పేవాడు కాదు. నాన్న రోజూ ఆ వేళకి ఏదో సర్దుతున్నట్టు బయటి మెట్టు మీదే ఉండేవాడు. వానలు వచ్చి పోయాయి.

పరీక్ష ముందు బిషూకి పడింది, నెగ్గాడు. గడియారం పట్టుకొని మా కొట్టుకే మొదట వచ్చాడు, ఏం మొహమాటం లేకుండా. ఆ గడియారం రోజూ వెనకబడేదని తరవాత అతనే చెప్పాడు. ఆనాటి అరనిమిషాలు అంత పొడుగ్గా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది.

చిన్నాన్న పరీక్ష రోజు నాన్న కొట్టు నాకు వదిలి రైల్వే ఆస్పత్రికి వెళ్ళాడు. తమ్ముడు కూర్చున్న బల్లకి అవతలి కొసన కూర్చున్నాడట. ఇద్దరూ మాట్లాడుకోలేదట. చిన్నాన్నని లోపలికి పిలిచాక నాన్న ఫలితం వినకుండా లేచి వచ్చేశాడు. ఒట్టి చేతులతో కొట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బయట అకాలపు ముసురు పడుతోంది, చొక్కా తడిసిపోయింది. "గొడుగేది నాన్నా?" అన్నాను. మిరపకాయల బస్తా ముందుకు లాక్కున్నాడు.

మధ్యాహ్నం దాటాక సైకిలు చప్పుడైంది. చిన్నాన్న మెట్టు కింద నిలబడ్డాడు. చేతిలో నల్ల గొడుగు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తరవాత మెట్టెక్కాడు. గుమ్మం తొక్కి, గొడుగు కౌంటరుకి ఆనించాడు.

"గొడుగు మర్సిపోనావు అన్నియ్యా," అన్నాడు.

"అవునేట్రా. వయసు మీదడిపోతంది," అన్నాడు నాన్న. మిరపకాయలు చేత్తో కదుపుతూ, "రెండు రంగులూ అగుపించినాయా?" అని అడిగాడు.

"అగుపించినాయి. ఎర్రది ఎర్రగానే ఉంది, పచ్చది పచ్చగానే ఉంది."

నాన్న తల ఊపాడు. ఎలా ఉంటాయో మాత్రం అడగలేదు.

ఇప్పుడు ఆవిరి ఇంజన్లు లేవు, చిన్నాన్న నడిపిన డీజిలు బళ్ళు కూడా తుక్కుకి పోయాయి. గోల్ బజార్‌లో టోటోలనే బ్యాటరీ రిక్షాల హారన్ల మధ్య ఎవరూ బేరమాడరు. ఫోను చూపించి, డబ్బు పడిందని గొంతు వినబడగానే వెళ్ళిపోతారు. గొడుగు వదలడానికి తీరిక లేదు, వెనక్కి పిలవడానికి మనిషి లేడు. నేను ఎవరినైనా బేరంలో పడేస్తే వాళ్ళు నన్ను పాత సినిమాలా చూస్తారు. అప్పటి రోజులు మంచివని అనను. అప్పుడు గడియారం కోసం కన్ను పణంగా పెట్టారు, చూడ్డానికి మనుషులు రైలెక్కి వెళ్ళారు. పిచ్చి అప్పుడూ తూకానికి తక్కువ లేదు. ఒకటి మాత్రం ఇప్పుడు వెతికితే దొరకడం లేదు. పక్కన మోకాలేసేవాడు.

నాన్న ఆఖరి రోజుల్లో మంచం దిగలేకపోయాడు. నడుం నిలబడేది కాదు. దుప్పటి మార్చాలంటే ఆయన్ని కాసేపు ఎక్కడైనా కూర్చోబెట్టాలి, కుర్చీలో జారిపోయేవాడు. చిన్నాన్న అప్పటికి రిటైరయ్యాడు, తనకీ కీళ్ళ నొప్పులే. రోజూ పొద్దున్నే వచ్చేవాడు. మంచం పక్కన ఒక మోకాలు నేలకానించి, రెండోది పైకి లేపి, "కూకో అన్నియ్యా," అనేవాడు. నాన్న ఎముకల మూటలా చిన్నాన్న తొడ మీద కూర్చుని, మెడ చుట్టూ చెయ్యి వేసేవాడు. నేను దుప్పటి మార్చేదాన్ని. త్వరగా చేసేదాన్ని కాదు.

ఒకరోజు నాన్న కళ్ళు మూసుకునే అడిగాడు. "అరనిమిషం అయిపోనాదేట్రా?"

"నేదన్నియ్యా," అన్నాడు చిన్నాన్న. "దొర గడియారం గదా. వెనకే నడుస్తాది."

"అలగైతే కొసరు ఇయ్యి. ఇంకొంచేపు కూకుంటాను."

దుప్పటి మార్చడం అయిపోయింది. నేను మళ్ళీ తీసి, దులిపి, మొదటినుంచి పరిచాను.

తెనాలి కుర్రాడు మాగాయ తీసుకొని, పటం ధర రెండుసార్లు పెంచి, నేను తల అడ్డంగా ఊపితే మూడోసారి కూడా పెంచాడు. ఇవ్వను పొమ్మన్నాను. మాగాయ మీద ఒక గరిటె ఊట కొసరు పోశాను. అతను మారు మాట్లాడకుండా వానలోనే వెళ్ళిపోయాడు. తరవాత చూస్తే అతని గొడుగు కౌంటరుకి ఆనించి ఉంది. ఇది నిజం మరుపో, వాళ్ళింట్లోనూ ఎవరైనా కొట్టు పెట్టుకున్నారో తెలీదు. సందు మలుపు దాకా వెళ్ళనిచ్చాను. తరవాత గుమ్మంలోకి వచ్చి, గొంతు పెంచి పిలిచాను. పటం అమ్మడానికి కాదు. ఆ మూల మనిషి దెబ్బ తగిలి పడ్డవాడు కాదని చెప్పడానికి.